కనుమలు దాటిన కాశీయాత్రికుడు - ఏనుగుల వీరాస్వామయ్యగారు

ఉగాది నాటికి మన చంద్రపూరులో ఎండలు ముదురుతాయి. ఇరయి, ఝర్పట్ నదులు సన్నని పాయలై రాళ్ళ నడుమ పారుతుంటాయి. చైత్ర పూర్ణిమకు మహాకాళి జాతరకు వచ్చే జనం ఆ పాయలలోనే స్నానాలు చేసుకొంటారు. సరిగా ఆ రోజులలోనే మన తెలుగు ఇళ్ళలో ఒక మాట మొదలవుతుంది. వానలు పడనీయండి, ఈసారి పిల్లలను ఏ జలపాతానికి తీసుకొనిపోదాము అని. కొందరు ఆదిలాబాదు వైపు పోయి కుంటాల, పొచ్చెర చూచి వస్తామంటారు. కొందరు పైనగంగ మీది సహస్రకుండానికి ఓటు వేస్తారు. అంత దూరం పోలేనివారు చిమూరు తాలూకాలోని ముక్తాయితో తృప్తి పడతారు. కాలేజీ పిల్లలు మాత్రం బండి దిగి నడిస్తేనే యాత్ర అంటారు. వారు దానికి పెట్టిన పేరు ట్రెక్కింగు.

వారి ఉత్సాహం చూచి మేము సంతోషిస్తున్నాము. అయితే కొండదారిని పట్టి కోనలలో దిగి ఎక్కిన తెలుగువారిలో వీరే మొదటివారు కారు. దాదాపు రెండు వందల ఏండ్ల క్రితం చెన్నపట్టణం నుండి ఒక పెద్దమనిషి బయలుదేరి, తిరుమల కొండ, అహోబిల కోన, శ్రీశైలపు లోయలు, నిర్మల కనుమలు, సాత్పురా, వింధ్య పర్వతాలు అన్నీ దాటి కాశీ చేరి, మరొక దారిన క్షేమంగా ఇల్లు చేరుకొన్నారు. పోయినదంతా తెలుగులో వ్రాసి పెట్టినారు. ఆయన దారి మన జిల్లాకు పడమటి పక్కగానే సాగింది. అందుచేత ఈ ఉగాది సంచికలో ఆయన జీవితాన్ని మన కుటుంబాలకు చెప్పుకోవడం సముచితమని తలచినాము. ఆయనే ఏనుగుల వీరాస్వామయ్యగారు.

వారు 1780 ప్రాంతంలో చెన్నపట్టణంలో జన్మించినారు. చిన్నతనంలోనే తండ్రి గతించినారు. ఇల్లు గడవవలసిన భారం తలమీద పడగా, పిల్లవాడు ఆటపాటల వయసులోనే ఇంగ్లీషు నేర్చుకొని కుంఫిణీ కచేరీలలో కుదురుకొన్నాడు. తిరునల్వేలిలో కొంతకాలం దుబాసీ పని చేసినారు. తరువాత చెన్నపట్టణం సుప్రీం కోర్టులో ప్రధాన దుబాసీ, అనగా హెడ్ ఇంటర్‌ప్రిటరు అయినారు. తెలుగు, తమిళం, సంస్కృతం, ఇంగ్లీషు నాలుగింటిలోను ఆయనకు ప్రవేశం ఉండేది. ఒకరి మాటను మరొకరికి పొల్లు పోకుండా అందించడమే ఆయన వృత్తి. మన ఊరిలో ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, ఆఫీసులో హిందీ మాట్లాడే మనకు ఆ పని ఎంత కష్టమో వేరుగా చెప్పనక్కరలేదు.

యాభై ఏండ్ల వయసులో, ఉద్యోగంలో పేరు ప్రతిష్ఠలు వచ్చిన తరువాత, వారు సెలవు తీసుకొని కాశీయాత్ర తలపెట్టినారు. రైలు లేదు, మంచి రోడ్డు లేదు. కాశికి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని మన పెద్దలు అనేవారు. అది ఉత్త మాట కాదు. వాంతిభేదులు, అడవి జ్వరాలు, దారికొట్టేవారు, వరద నదులు, వీటిలో ఏది తగిలినా మనిషి తిరిగి రాడు. కుటుంబంతోను పరివారంతోను కలిసి సుమారు నూరుమంది జట్టుగా 1830 మే 18వ తేదీ రాత్రి చెన్నపట్టణం విడిచినారు. పల్లకీలు మోసే బోయీలు, కావళ్ళవారు, వంటవారు, బంట్రోతులు, అందరూ ఆ నూరుమందిలోనివారే. ఈ మాట ఎందుకు చెబుతున్నామంటే, యాత్రను తలుచుకొన్నప్పుడల్లా మన కన్ను పల్లకిలో కూర్చున్న పెద్దమనిషి మీదనే నిలుస్తుంది. కొండ ఎక్కినది అసలు బోయీలు.

మొదటి కొండ తిరుమల. ఈనాడు మనము బస్సులో అరగంటలోనో ముప్పావు గంటలోనో పైకి చేరుతున్నాము. ఆ ఘాటు రోడ్డు 1944లో గాని పడలేదు. వీరాస్వామయ్యగారి కాలానికి మెట్లదారియే గతి. కొండ దిగువన కపిలతీర్థంలో నీరు వానాకాలంలో కొండ అంచు నుండి కోనేటిలోకి దూకుతుంది. పైన ఆకాశగంగ, పాపనాశనం ఉన్నవి. మన తెలుగువారికి జలపాతమంటే మొదటినుంచీ చూచి వచ్చేది కాదు, తల ఒగ్గి తడిసి వచ్చేది. అందుకే వాటికి తీర్థాలని పేరు. కోవెల పాలన అప్పుడు కుంఫిణీ సర్కారు చేతిలో ఉండేది. స్వామికి ముట్టే కానుకలు ఎక్కడికి పోతున్నాయో, ఏ సేవకు ఎంత పుచ్చుకొంటున్నారో వీరాస్వామయ్యగారు శ్రద్ధగా విచారించి వ్రాసుకొన్నారు. భక్తుడే గాని, లెక్క అడగని భక్తుడు కాడు.

కడప మీదుగా ఉత్తరానికి సాగి నల్లమల పాదాన ఉన్న అహోబిలం చేరినారు. దిగువ అహోబిలం ఊరు. ఎగువ అహోబిలం అక్కడికి సుమారు ఎనిమిది కిలోమీటర్ల ఎగువన, భవనాశి ఏరు కొండను చీల్చుకొని వచ్చే కోనలో ఉన్నది. రెండు పక్కల గోడలు కట్టినట్లు ఎర్రని రాతి కొండ, నడుమ గుండ్రాళ్ళ మీద పారే నీరు. మన పిల్లలు ఎగువ అహోబిలం దాటి జ్వాలా నరసింహస్వామి దగ్గరకు నడిస్తే, ఆ దారిలో కొండ మీదినుండి భవనాశి ధార పడడం కన్నులారా చూడవచ్చు. ఈ కొండలో మెట్లు కట్టించిన పుణ్యం పద్నాలుగవ శతాబ్దపు రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డిది. శ్రీశైలంలోను మెట్లు కట్టించినది ఆయనే. రాజులు గోపురాలు కట్టించినారని చదువుతాము. మెట్లు కట్టించిన రాజును నడిచేవారు ఎక్కువగా తలుచుకోవాలి. 1830లో ఎగువ అహోబిలం దట్టమైన అడవి నడుమ ఉండేది. పులుల భయం వల్ల యాత్రికులు పొద్దుండగానే క్రిందికి దిగిరావలసినదే.

అక్కడినుండి మహానంది మీదుగా ఆత్మకూరు చేరినారు. ఈ జీవితకథలో మేము ఎక్కువసేపు నిలవదలచిన చోటు ఆత్మకూరు నుండి శ్రీశైలం దారి.

ఇప్పుడు శ్రీశైలానికి హైదరాబాదు నుండీ, కర్నూలు నుండీ, మార్కాపురం నుండీ బస్సులు పోతున్నవి. అప్పుడు ఆత్మకూరు వైపునుండి పోయేవారు నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా అడవిలో నడవవలసివచ్చేది. నాగలూటిలో వీరభద్రుని గుడి ఉన్నది. పెద్దచెరువు దగ్గర చెంచుల గూడెం. ఆ రెండు మజిలీలు కష్టమైనా భరించదగినవే. భీముని కొలను వేరు. అక్కడ నేల ఒక్కసారిగా తెగిపోయినట్లు ఉంటుంది. ఈ ఒడ్డునుండి లోయ అడుగుకు దిగాలి, అడుగున ఉన్న వాగు దాటాలి, మరల ఆ ఒడ్డుకు నిట్టనిలువుగా ఎక్కాలి. ఎక్కితే కైలాసద్వారం. అది దాటితే శ్రీశైలం సమీపించినట్లే. లోయలో దిగడానికి, ఎక్కడానికి రాతి మెట్లు ఉన్నవి గాని, అవి ఇంటి మెట్లవంటివి కావు. ఒకటి మోకాలెత్తు, మరొకటి జానెడు, ఒకటి పక్కకు ఒరిగి, ఒకటి విరిగి ఉంటుంది.

అటువంటి చోట పల్లకి పనికిరాదు. పల్లకి దండె పొడుగు, మలుపు తిరగదు. అందుచేత డోలీ కట్టుకొనేవారు. ఒక గట్టి బొంగుకు బట్టనో చిన్న పీటనో వేలాడదీసి, దానిలో మనిషి ముడుచుకొని కూర్చుంటాడు. దిగేటప్పుడు ముందున్న బోయీలు బొంగును భుజం కంటె ఎత్తుగా పట్టాలి, వెనుకవారు మోకాళ్ళు వంచి నడవాలి. ఎక్కేటప్పుడు అంతా తారుమారు. ఒక్కరి కాలు జారితే నలుగురూ పోతారు. వీరాస్వామయ్యగారు ఈ దారి పట్టినది జూన్ నెలలో. నల్లమల రాయి పగలంతా కాగి సాయంకాలం దాకా సెగ కక్కుతూ ఉంటుంది. లోయలో నీడ ఉన్నది, నీరు ఉన్నది. కాని అక్కడ ఆగి సేదదీరితే పొద్దుగుంకేలోపల పైకి చేరలేరు. కోన అందం చూడడానికి తీరిక దొరికే చోటే కాదది.

శ్రీశైలం చేరిన తరువాత ఆయన చూచినది వైభవం కాదు. విజయనగర రాజుల నాటి ప్రాకారాలు, వాటి మీది శిల్పాలు నిలిచి ఉన్నవి గాని, ఊరు లేదు, సంత లేదు. దేవుని సేవలు జరిగీ జరగనట్లుండేవి. ఆ సీమ అప్పుడు కందనూరు నవాబు క్రింద ఉన్నది. కందనూరు అనగా మన కర్నూలు. నవాబు గులాం రసూల్ ఖాను. శివరాత్రికి వచ్చే యాత్రికుల వద్ద తలకు ఇంతని సుంకం వసూలు చేసుకోవడమే గాని, దారి బాగుచేయడం, గుడి బాగుచేయడం ఆ సర్కారుకు పట్టలేదు. వీరాస్వామయ్యగారు ఈ సంగతి దాచకుండా వ్రాసినారు. అడవిలో యాత్రికులను కాచినవారు చెంచులు. దారి తెలిసినవారు, నీటి జాడ తెలిసినవారు వారే. తొమ్మిదేండ్ల తరువాత, 1839లో, కుంఫిణీవారు ఆ నవాబును తొలగించి సీమను కలుపుకొన్నారు. అయినా నల్లమలలో తోడు ఎప్పటికీ చెంచులే.

గుడి నుండి క్రిందికి పాతాళగంగ. ఆ పేరులోనే అంతా ఉన్నది. కృష్ణానది అక్కడ వందల అడుగుల లోతున, రెండు కొండల నడుమ ఇరుకున పారుతుంది. నీరు పైనుండి కనిపిస్తుంది, చేతికి మాత్రం అందదు. స్నానానికి దిగినవాడు వందల మెట్లు దిగి, అన్ని మెట్లూ తిరిగి ఎక్కాలి. మన కాలంలో ఆ చోటు రూపం మారింది. శ్రీశైలం ఆనకట్ట 1960లో మొదలై 1980ల తొలినాళ్ళకు పూర్తి అయినది. క్రిందికి దిగడానికి రోప్‌వే వేసినారు. ఆనకట్ట తలుపులు ఎత్తిన రోజులలో నీరు దూకడం చూడడానికి వేలమంది కార్లలో వస్తారు. మేము దానిని తక్కువ చేయము. కాని అది మనిషి కట్టిన జలపాతం. పాత కృష్ణ గండిని చూచిన కన్నులకు అది వేరుగా తోస్తుంది.

శ్రీశైలం నుండి తిరిగి ఆత్మకూరు వచ్చి, నివృత్తి సంగమం ప్రాంతాన కృష్ణ దాటినారు. ఆ కాలంలో కృష్ణ దాటడమంటే పుట్టి ఎక్కడమే. వెదురు బద్దలతో గుండ్రని గంపగా అల్లి, పైన తోలు కప్పి, తెడ్లతో నడిపే పుట్టి నీటిలో తిరుగుతూ తిరుగుతూ ఆవలి ఒడ్డు చేరుతుంది. నూరుమందిని, సామానును దాటించడానికి ఎన్నిసార్లు తిరగవలెనో ఊహించుకోండి. ఆవల పాలమూరు సీమ. అక్కడినుండి హైదరాబాదు. నిజాం నాసిరుద్దౌలా గద్దె ఎక్కి అప్పటికి ఏడాదే అయినది. పెత్తనమంతా చందూలాలుది. నగరం గురించి ఆయన చాలా వ్రాసినారు గాని మన విషయం అది కాదు.

హైదరాబాదు విడిచేటప్పటికి వానలు మొదలైనవి. ఇక్కడినుండి ఆయన దారి మనకు దగ్గరవుతుంది. గోదావరి దాటి నిర్మల చేరినారు. నిర్మల నుండి ఆదిలాబాదుకు పోవాలంటే కొండ ఎక్కవలసినదే. ఆ కనుమలు ఎత్తులో నల్లమలకు సాటి రావు. అయితే వానాకాలంలో కొండకంటె నేల శత్రువు. ఆ సీమ నల్లరేగడి. తడిస్తే కాలికి గూడుకట్టి పట్టుకొంటుంది. పది అడుగులకొకసారి బోయీ నిలబడి కాలి మట్టి గీచుకోవాలి. బండి ఇరుసు దాకా దిగుతుంది. వాగు వచ్చిందంటే ఈవల ఒడ్డున కూర్చుని నీరు తగ్గేదాకా కాచుకోవాలి. వాన ఇక్కడ వెలిసినా వాగు తగ్గదు, ఎందుకంటే అది ఎగువన కురిసిన వాన.

ఈ ఒక్క మాట మన పిల్లలు మరువకూడదు. నేటి నాగపూరు-హైదరాబాదు జాతీయ రహదారి మీద నేరడిగొండ దగ్గర దిగి పోతే కుంటాల. కడెం నది అక్కడ సుమారు 150 అడుగుల ఎత్తునుండి అంచెలంచెలుగా పడుతుంది. శకుంతల పేరు మీద ఆ పేరు వచ్చిందని అక్కడివారు చెప్పుకొంటారు. రాతి సందులో సోమేశ్వరుడున్నాడు. శివరాత్రికి జనం చేరుతారు. బోథ్ వైపు పోతే పొచ్చెర, ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. రెండూ ఆగస్టు మొదలు డిసెంబరు దాకా చూడముచ్చటగా ఉంటాయి. కుంటాల గుండాలలో ఈతకు దిగి ప్రాణాలు పోగొట్టుకొన్నవారు ఉన్నారు. ఈతరాక పోయినవారే కాదు, ఈత వచ్చినవారు కూడా. గుండం పైకి నిలకడగా కనిపిస్తుంది, అడుగున రాతి సొరంగాలుంటాయి, నీరు లోపలికి లాగుతుంది. మనము నిలబడిన చోట ఆకాశం నిర్మలంగా ఉండగానే ఎగువ అడవిలో కురిసిన వాన అరగంటలో దిగివస్తుంది. నాటి బోయీలకు తెలిసిన సంగతి ఇది. సెల్ఫోను పట్టుకొని తడి రాతి మీద నిలబడే మన అబ్బాయిలకు ఎవరైనా చెప్పాలి.

వీరాస్వామయ్యగారి మజిలీలు ఆ జలపాతాలకు కొద్ది కోసుల దూరంలోనే పడినవి. వాటిని వెదకుకొంటూ పోయే తీరిక ఆయనకు లేదు. అడుసులో నూరుమందిని నడిపించేవానికి నీరు ఎక్కడ దూకుతున్నదనే దానికంటె ఎక్కడ కాలు ఆనుతుందనేదే ముఖ్యం. ఇది లోపమని మేము అనుకోవడం లేదు. నీటి అందం చూడాలంటే కడుపు నిండి ఉండాలి, రాత్రికి తల దాచుకొనే చోటు ఖాయమై ఉండాలి. ఆ రెండూ ఆయనకు ఏ పూటకు ఆ పూట వెదకుకోవలసినవే.

ఆదిలాబాదు దాటి పైనగంగ దాటి హింగన్‌ఘాట్ మీదుగా నాగపూరు పోయినారు. మన చందా కోటను ఆయన చూడలేదు. దారి మనకు పడమటగా పోయింది. అప్పటికి చందా సీమ భోంస్లేలది. 1818లో ఇంగ్లీషువారు కోటను పట్టుకొన్నా, రాజ్యం మూడవ రఘోజీ పేరనే ఉండేది. మన రాజూరా తాలూకా మాత్రం నిజాం రాజ్యంలో ఉండేది. అది 1956 దాకా ఆదిలాబాదు జిల్లాలోనిదే. తరువాత నాందేడుకు, 1959లో చందాకు చేరింది. కాబట్టి మనలో రాజూరా వైపు పాత కాపులు వలస వచ్చినవారు కారు. హద్దు వారిని దాటిపోయింది, వారు హద్దును దాటలేదు. గనులకు, కాగితపు మిల్లుకు, రైలుకు వచ్చినవారమే మనము వలసవారము. కాజీపేట-బల్లార్షా రైలుదారి 1929లో పూర్తి అయిన తరువాత మన తాతలు ఒక్క రాత్రిలో దాటిన దూరాన్ని వీరాస్వామయ్యగారు వానలో వారాల తరబడి దాటినారు.

నాగపూరు తరువాత రామటెంకి కొండ, సివనీ దగ్గర సాత్పురా కనుమ, జబల్పూరు దగ్గర నర్మద, రీవా మీదుగా వింధ్య కొండలు, మీర్జాపూరు, ప్రయాగ, కాశి. కొండలన్నీ వెనుకబడి గంగ మైదానం వచ్చిన తరువాత ఆయన చాలా దూరం పడవలలో సాగినారు. గయ, పాట్నా, కలకత్తా చూచి, పూరీ జగన్నాథం సేవించి, గంజాం, విశాఖపట్టణం, రాజమహేంద్రవరం మీదుగా 1831 సెప్టెంబరు 3న చెన్నపట్టణం చేరినారు. పదిహేను నెలల పైచిలుకు.

ఇంత దూరం పోయి వచ్చినవారు ఆ కాలంలో ఇంకా ఎందరో ఉన్నారు. వారి పేర్లు మనకు తెలియవు. వీరాస్వామయ్యగారి పేరు తెలియడానికి కారణం ఆయన దారిలోనే వ్రాస్తూ పోవడం. కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళగారనే మిత్రులకు ఎప్పటికప్పుడు వ్రాసి పంపినారు. ఏ ఊరు, ఎన్ని ఆమడలు, ఎన్ని ఇండ్లు, బావి నీరు మంచిదా ఉప్పుదా, బియ్యం దొరుకునా, దిగడానికి సత్రం ఉన్నదా, సుంకం చౌకీ ఎక్కడ, దారి ఇసుకా రాయా రేగడా, అన్నీ ఉన్నవి. తన వెనుక రాబోయే యాత్రికుని కొరకు వ్రాసిన పుస్తకం అది. నడుమ నడుమ వేదాంత చర్చలు సాగదీస్తారు. మేము ఆ పుటలను త్వరగా తిప్పినామని ఒప్పుకోవలెను. కాని ఊరి వెంబడి ఊరు చదువుతుంటే, దారి మన కాలి క్రింద ఉన్నట్లే ఉంటుంది. మోసినవారి పేర్లు మాత్రం మనకు దక్కలేదు. ఆ పుస్తకం చదివిన ప్రతిసారీ ఆ వెలితి మాకు తోస్తుంది.

ఇంటికి చేరిన తరువాత ఆయన ఊరకుండలేదు. 1832-33లో నందన కరువు వచ్చింది. గుంటూరు సీమలో దానినే డొక్కల కరువన్నారు. ఊళ్ళకు ఊళ్ళు లేచి చెన్నపట్టణం దారి పట్టినవి. కూడు వెదకుకొంటూ వచ్చిన ఆ జనానికి వీరాస్వామయ్యగారు మిత్రులతో కలిసి అన్నం పెట్టించినారు. దారిలో ఆకలి, అలసట ఎటువంటివో ఆయన కన్నులారా చూచి వచ్చినవారే కదా. 1835లో ఉద్యోగం విరమించుకొన్నారు. మరుసటి సంవత్సరం 1836లో కాలధర్మం చెందినారు. తన పుస్తకం అచ్చులో చూచుకోలేదు.

శ్రీనివాసపిళ్ళగారు స్నేహధర్మం పాటించి, ఆ వ్రాతలన్నీ కూర్చి 1838లో కాశీయాత్ర చరిత్ర అనే పేరుతో అచ్చు వేయించినారు. తెలుగులో యాత్రా గ్రంథాలకు దానినే మొదటిదిగా చెప్పుకొంటారు. 1869లో మరల అచ్చు పడింది. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు ఎంతో శ్రమపడి, వివరణలు చేర్చి ప్రకటించినారు. 1973లో ఇంగ్లీషు అనువాదం కూడా వెలువడింది. మన ఇళ్ళలో చాలామంది పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. బడిలో మరాఠీ, ఇంగ్లీషు. వారికి మొదట ఆ ఇంగ్లీషు పుస్తకం చేతికిచ్చి, శ్రీశైలం పుటలు మాత్రం తెలుగులో మనమే పైకి చదివి వినిపిస్తే బాగుంటుంది. రాత్రి భోజనాల తరువాత పది నిమిషాలు చాలు. ఆయన యాత్రకు 2030లో రెండు వందల ఏండ్లు నిండుతాయి.

ఆయన దాటిన చోట్లలో ఇప్పుడు కొన్ని మాత్రమే కాలినడకకు మిగిలినవి. తిరుమల మెట్లు ఉన్నవి. నివృత్తి సంగమం శ్రీశైలం జలాశయంలో మునిగి, వేసవిలో నీరు తగ్గినప్పుడే సంగమేశ్వరుని గుడి బయటపడుతుంది. నిర్మల కనుమల మీద లారీలు పోతున్నవి. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను దారి మాత్రం అడవి దారిగానే ఉన్నది. ఇప్పుడు అది పులుల అభయారణ్యం. ఏడాది పొడుగునా పోనివ్వరు. శివరాత్రికి, ఉగాదికి మాత్రం అటవీశాఖవారు యాత్రికులకు తెరుస్తారు. ఉగాదికి మల్లన్నను చూడడానికి కర్ణాటక నుండి, మన మహారాష్ట్ర నుండి వేలమంది ఆ లోయలో దిగి ఎక్కుతారు. వారిలో ముసలివారున్నారు, చంకన పిల్లలతో తల్లులున్నారు. డోలీలు లేవు, అందరూ నడిచేవారే. ఈ సంచిక మీ చేతికి వచ్చే వేళకు వారు కైలాసద్వారం ఎక్కుతుంటారు.